కనిపించినంత దూరంలో ఆగగలమా? లాంగ్ రైడ్ వెళ్లేవాళ్లకు కొన్ని లెక్కలు

గంటకు 80 కి.మీ. వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. అడ్డం వచ్చిన గేదె కంట్లో పడి, విషయం బుర్రకెక్కి, వేళ్లు బ్రేకు లివరు మీదికి చేరేసరికి ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే బ్రేకు పట్టకముందే 33 మీటర్లు అయిపోయాయి. ఆ తర్వాత పొడి తారు రోడ్డు, మంచి టైర్లు, కంగారుపడని చెయ్యి ఉంటే ఇంకో 41 మీటర్లు. మొత్తం 74. ఇదే లెక్క 60 మీద వేస్తే 48 మీటర్లు, 100 మీద 106. తడిసిన రోడ్డు మీద 80కే దాదాపు 95.

కాగితం మీద ఈ దూరాలు ఎంతో అర్థం కావు. జాతీయ రహదారి పక్కన కిలోమీటరు రాళ్ల మధ్య 200 మీటర్లకొకటి చొప్పున చిన్న రాళ్లు పాతి ఉంటాయి, ఈసారి గమనించండి. 100 మీద పోతున్నప్పుడు ఆ రెండు చిన్న రాళ్ల మధ్య సగానికి పైగా రోడ్డు మీ ముందు ఖాళీగా ఉండాలి. నాలుగు రోజులు అలా చూస్తూ నడిపితే కంటికి కొలత అలవాటవుతుంది, స్పీడోమీటరు వైపు చూడకుండానే ఎక్కువైందని తెలుస్తుంది.

లాంగ్ రైడ్ జాగ్రత్తలంటూ పెద్ద పెద్ద జాబితాలు తిరుగుతుంటాయి. నన్నడిగితే వాటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒకటే: ఇప్పుడు కనిపిస్తున్న ఖాళీ రోడ్డులో ఈ బండిని ఆపగలనా? టైర్లో గాలి, సామాను కట్టిన తీరు, వాన, చీకటి, నిద్రమత్తు, ముందు పోయే లారీ... కొన్ని ఆగే దూరాన్ని పెంచుతాయి, కొన్ని కనిపించే దూరాన్ని తగ్గిస్తాయి. రెండూ ఒకేసారి జరిగిన చోట ప్రమాదం జరుగుతుంది.

సామాను ఎక్కాక అది వేరే బండి

రోజూ ఆఫీసుకు ఒక్కరే నడిపే 350 సీసీ బండి మీద వెనక మనిషి, రెండు సాడిల్ బ్యాగులు, ఒక టాప్ బాక్సు ఎక్కితే బరువు 80-100 కిలోలు పెరుగుతుంది. ఆ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. వెనక షాక్‌లు కిందికి కూర్చుంటాయి, ముందు చక్రం తేలికవుతుంది, హ్యాండిల్ వదులుగా అనిపిస్తుంది, హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది. ఎదుటి వాహనాలు మీకు డిప్పర్ కొడుతూనే ఉంటాయి, ఎందుకో మీకు తెలియదు.

అందుకే బయలుదేరే ముందు రోజు సాయంత్రం సామాను మొత్తం కట్టి, ఇద్దరూ కూర్చుని చూసుకోవాలి. వెనక షాక్ ప్రీలోడ్‌ను (స్ప్రింగు బిగువును) బండితో ఇచ్చిన సి ఆకారపు స్పానర్‌తో రెండు మెట్లు పెంచండి. రెండు షాక్‌లున్న బండికి రెండు వైపులా ఒకే మెట్టు ఉండాలి, ఒక వైపు తిప్పి రెండోది మరిచిపోవడం మామూలే. తర్వాత గోడకు ఐదు మీటర్ల దూరంలో బండి నిలిపి, ఒక్కరే కూర్చున్నప్పుడు డిమ్ లైటు పై అంచు ఎక్కడ పడిందో సుద్దముక్కతో గీయండి. సామానుతో ఇద్దరూ కూర్చున్నప్పుడు వెలుగు ఆ గీత దాటి పైకి పోతే, హెడ్‌లైటు స్క్రూ తిప్పి మళ్లీ గీత దగ్గరకు దించండి. పది నిమిషాల పని. రాత్రి పూట ఎదుటివాడి కళ్లూ మీ చూపూ రెండూ దక్కుతాయి.

బరువైనవి కింద, బండి మధ్యకు దగ్గరగా ఉండాలి. టూల్స్, తాళం గొలుసు, నీళ్ల బాటిళ్లు సాడిల్ బ్యాగుల్లో ముందు వైపు వేసుకోండి. టాప్ బాక్సు వెనక ఇరుసుకు ఇంకా వెనక, పైన ఉంటుంది కాబట్టి దాంట్లో రెయిన్ కోటు, బట్టల్లాంటి తేలికవే పెట్టాలి. దాని ప్లేటు మీద ఎన్ని కిలోలని రాసి ఉంటుందో అంతకు మించొద్దు. 90 దాటాక హ్యాండిల్ అటూ ఇటూ ఊగడం మొదలైందంటే చాలాసార్లు కారణం ఈ బాక్సే. అలా ఊగితే బ్రేకు గట్టిగా పట్టొద్దు, హ్యాండిల్‌ని బిగించి పట్టుకోవద్దు. ట్యాంకును మోకాళ్లతో నొక్కి, యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలితే సర్దుకుంటుంది.

కొక్కేలున్న రబ్బరు తాళ్లతో సామాను కట్టడం మానేయండి. గతుకుల్లో కొక్కెం ఊడి, తాడు చైన్ స్ప్రాకెట్‌లోకి పోతే వెనక చక్రం పట్టేస్తుంది. బకిల్ ఉన్న పట్టీలు వాడి, మిగిలిన కొసను ముడి వేసి లోపలికి దోపండి. మొదటి 25-30 కి.మీ. తర్వాత ఒకసారి ఆగి మళ్లీ బిగించాలి, ఎందుకంటే బట్టల బ్యాగు కుదురుకున్నాక పట్టీ తప్పకుండా వదులవుతుంది. చున్నీ, చీర కొంగు, స్కార్ఫు కూడా ఇదే లెక్క. సాడిల్ స్టే (సాడిల్ బ్యాగులను ఆపే ఇనప చట్రం) బిగించడం కోసం శారీ గార్డు తీసేసిన బండి మీద వెనక కూర్చున్నవారి చున్నీ జాకెట్ లోపలే ఉండాలి.

గాలి, చైను, బ్రేకు

టైర్లో గాలి ఎంత ఉండాలో స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి లాంటి భాగం) మీదో చైన్ కవరు మీదో స్టిక్కరు చెబుతుంది. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఒక అంకె ఉంటాయి. రెండో అంకెను పట్టించుకునేవాళ్లు తక్కువ. గాలి చూడాల్సింది టైరు చల్లగా ఉన్నప్పుడు, అంటే పొద్దున్న బండి కదలకముందు. వేడికి ప్రతి 5-6 డిగ్రీలకు సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి, మే నెల మధ్యాహ్నం బంకులో చూసి ఎక్కువుందని వదిలేస్తే తెల్లారేసరికి తక్కువవుతుంది. బంకుల్లో మీటర్లు ఒకదానికొకటి పొంతన ఉండవు. సొంత గేజి ఒకటి ట్యాంక్ బ్యాగులో ఉంటే ఆ గొడవే లేదు.

టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది. 2323 అంటే 2023లో 23వ వారంలో తయారైందని. గాడిలో చిన్న దిమ్మల్లా ఉండే అరుగుదల గుర్తులు రబ్బరుతో సమానమైతే టైరు అయిపోయినట్టే. ఇక్కడ నాదో మొండి అభిప్రాయం: వానాకాలం టూరుకైతే ఆ గుర్తు దాకా ఆగకూడదు, నీళ్లను బయటికి తోసేది టైరు మీది ఆ గాడులే. ట్యూబ్‌లెస్ టైరుకు మేకు దిగితే గాలి మెల్లగా పోతుంది, స్ట్రిప్ కిట్ (చిల్లులో రబ్బరు ముక్క దూర్చే సామాను), చిన్న పంపు ఉంటే పావుగంటలో పని అవుతుంది. స్పోక్ చక్రాల బండ్లలో చాలావాటికి లోపల ట్యూబే ఉంటుంది, గాలి ఒక్కసారిగా పోతుంది. వెనక టైరు పోతే బండి నడుము ఊగినట్టు ఊగుతుంది, ముందుది పోతే హ్యాండిల్ బరువెక్కి పక్కకు లాగుతుంది. ఏది పోయినా బ్రేకు జోలికి వెళ్లకుండా యాక్సిలరేటర్ వదిలి, నేరుగా పోనిచ్చి, వేగం బాగా తగ్గాక బాగున్న చక్రం బ్రేకుతో ఆపాలి. ట్యూబ్ బండి అయితే ముందు వెనక కొలతల ట్యూబులు, టైరు లివర్లు వెంట ఉండాలి. పంచరు షాపులో మనిషి దొరుకుతాడు, మీ కొలత ట్యూబు దొరకడమే కష్టం.

చైన్ లూజు చాలా రోడ్డు బండ్లకు 20 నుంచి 35 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో చూడండి. కింది వరస మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపి కొలవాలి. చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూస్తే ఒక చోట బిగువుగా దొరుకుతుంది, కొలత అక్కడ తీసుకోవాలి. వదులు చైను అందరికీ వినపడుతుంది. బిగుతు చైను మాత్రం చప్పుడు చేయకుండా గేర్‌బాక్సు బేరింగు తినేస్తుంది, పైగా బరువెక్కి స్వింగ్ ఆర్మ్ కదిలినప్పుడు అది ఇంకా బిగుస్తుంది. ల్యూబు సుమారు 500 కి.మీ.కు ఒకసారి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే. చైను వేడిగా ఉన్నప్పుడు, లోపలి వైపు నుంచి కొట్టి రాత్రంతా వదిలేస్తే పట్టుకుంటుంది. పొద్దున్న బయలుదేరే ముందు కొడితే సగం టైరు మీద చిమ్ముతుంది.

క్లచ్ కేబుల్ తెగడం పాత బండ్లలో మామూలు. కొత్త కేబుల్‌ను పాతదాని పక్కనే అదే దారిలో వేసి, రెండు చివర్లు కట్టి ఉంచుకుంటే తెగిన చోట పది నిమిషాల్లో మార్చుకోవచ్చు. యాక్సిలరేటర్ కేబుల్, ఫ్యూజులు, ఒక హెడ్‌లైట్ బల్బు, స్పార్క్ ప్లగ్గు, ఇన్సులేషన్ టేపు, ప్లాస్టిక్ జిప్ టైలు వేసుకుంటే చాలు. గ్యారేజీ మొత్తం మోసుకెళ్తే ఆ బరువు మళ్లీ బ్రేకు మీదే పడుతుంది.

బ్రేకు ఆయిలు గురించి కాస్త ఆగి చెప్పాలి, ఘాట్ దిగేటప్పుడు ప్రాణం దాని మీదే ఉంటుంది. డాట్ 4 ఆయిలు కొత్తది 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పీల్చుకున్నాక ప్రమాణం ఇచ్చే హామీ 155 డిగ్రీలే. దిగుడులో అదేపనిగా బ్రేకు నొక్కిపెడితే క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) దగ్గర ఆ వేడి రావడం పెద్ద విషయం కాదు. ఆయిలు మరిగి ఆవిరి బుడగలు లేస్తాయి, ఆయిలు నలగదు గానీ బుడగ నలుగుతుంది, లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు. రెండేళ్లకోసారి ఆయిలు మార్చమనేది అందుకే. టూరుకు ముందు ప్యాడ్లలో 2 మి.మీ. మించి లేకపోతే అరిగేదాకా చూడకుండా మార్చేయండి.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే 125 సీసీ పైబడిన బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి. సింగిల్ ఛానల్ అయితే అది ముందు చక్రానికే, వెనకది గట్టిగా తొక్కితే జారుతుంది. ఏబీఎస్ వచ్చిందని ఆగే దూరం తగ్గిపోదు, కంకర మీద ఇంకాస్త పెరుగుతుంది కూడా. అది చక్రం పట్టేయకుండా చూస్తుంది, అంతే. ఆ పని మొదలెట్టినప్పుడు లివరు వేళ్ల కింద కొట్టుకుంటుంది. అలవాటు లేనివాళ్లు భయపడి వదిలేస్తారు, కొంప మునిగేది అక్కడే. సామాను కట్టిన బండితో ఖాళీ రోడ్డు మీద 40 వేగంలో ఐదారుసార్లు, 60లో ఐదారుసార్లు గట్టిగా ఆపి చూడండి. ముందు బ్రేకును మొదట మెల్లగా పట్టి, ఫోర్కు (ముందు షాక్‌లు) కిందికి దిగాక గట్టిగా బిగించాలి. ఒక్కసారిగా లాగకూడదు. ఒంటరిగా ఉన్నప్పుడు ముందు బ్రేకే అధిక భాగం పని చేస్తుంది. వెనక మనిషి, సామాను ఉన్నప్పుడు వెనక టైరు మీద బరువుంటుంది కాబట్టి వెనక బ్రేకు కూడా బాగా అక్కరకొస్తుంది. ఆ తేడా కాలికి తెలియాలంటే సాధన తప్ప దారి లేదు.

మన రోడ్ల మీద ఉండేవి

నాలుగు వరసల రోడ్డు ఎక్కగానే ఇక అడ్డేమీ ఉండదనుకోవడం పెద్ద పొరపాటు. 44, 65, 16 నంబరు రహదారుల్లో ఏది తీసుకున్నా ఊరున్న ప్రతిచోటా రాంగ్ రూట్లో వచ్చే టూవీలర్, డివైడర్ పగలగొట్టి చేసుకున్న దారి, డాబా ముందు వెనక లైట్లు లేకుండా ఆపిన లారీ ఉంటాయి. రాంగ్ రూట్ బళ్లు ఎప్పుడూ రోడ్డు అంచునే వస్తాయి కాబట్టి ఎడమ చివర 80 మీద పోవడం క్షేమమనుకోవద్దు. ఎడమ వరసలోనే కాస్త కుడిగా, అంచుకు రెండు మీటర్ల దూరంలో ఉండండి. ఊరి పేరు బోర్డు కనపడగానే యాక్సిలరేటర్ వదలడం, రెండు వేళ్లు బ్రేకు లివరు మీద ఉంచడం అలవాటు చేసుకుంటే ఆ ఒకటిన్నర సెకనులో కొంత మిగులుతుంది.

2018లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాల ప్రకారం నాలుగు వరసల రోడ్డు మీద మోటార్‌సైకిల్‌కు 80, మామూలు రోడ్ల మీద 60. 80 మీద పోతే అందరూ దాటుకుపోతారన్నది నిజమే, పోనివ్వండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదికి, 2023 ఆగస్టు నుంచి బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ వరసల మీదికి టూవీలర్లను రానివ్వరు. మ్యాపు దారి చూపించినా సర్వీసు రోడ్డే పట్టుకోవాలి.

వడ్ల సంగతి ప్రత్యేకం. వానాకాలం పంట నవంబరు, డిసెంబరుల్లో, యాసంగి పంట ఏప్రిల్, మేల్లో కోతకొస్తుంది (ఆంధ్ర వైపు సార్వా, దాళ్వా అంటారు). ఆ నెలల్లో జిల్లా రోడ్ల మీద సగం వెడల్పున వడ్లో మొక్కజొన్నలో ఆరబోసి, చుట్టూ బండరాళ్లు పెడతారు. పగలు కనపడుతుంది. సాయంత్రం కుప్ప చేసి నల్ల పట్టా కప్పేస్తారు, దానికి రిఫ్లెక్టరూ ఉండదు, లైటూ ఉండదు. డిమ్ లైటులో నల్లటి వస్తువు 40-50 మీటర్ల లోపుకొచ్చేదాకా తెలియదు, 60 మీద ఆగడానికి 48 మీటర్లు కావాలి. లెక్క మీకే అర్థమవుతుంది. చెదిరిన గింజల మీద బ్రేకు పట్టినా వంచినా టైరు జారుతుంది. వాటి మీదికి పోక తప్పకపోతే ముందే వేగం తగ్గించి, బండిని నిటారుగా ఉంచి, యాక్సిలరేటర్ కదపకుండా దాటాలి. కందికట్టె, ఉలవచెట్లు రోడ్డు మీద పరిచి వాహనాలతో తొక్కించే చోట ఆగి, పక్కనుంచి పోవడమే మంచిది. తీగలు చక్రానికీ చైనుకూ చుట్టుకుంటాయి, వేడి సైలెన్సరుకు అంటుకుని పొగ కూడా రావచ్చు. నాట్ల కాలంలో కేజ్ వీల్ (దమ్ము చేసే ఇనప చక్రాల) ట్రాక్టరు పొలంలోంచి ఎక్కిన చోట బురద చారలుంటాయి, తడిస్తే వాటి మీద టైరుకు పట్టే ఉండదు.

లారీల దగ్గర రెండు మూడు విషయాలు. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనపడకపోతే మీరు అతనికి కనపడరు. ఎడమ పక్క నుంచి, అంటే క్లీనరు వైపు నుంచి ఎప్పుడూ దాటొద్దు. కుడి ఇండికేటరుకు ఒకచోట దాటిపొమ్మని, ఇంకోచోట కుడికి తిరుగుతున్నానని, మరోచోట ఎదురుగా బండి వస్తోందని అర్థం. దాన్ని నమ్మి దాటడం జూదమే. పక్కన పోతున్నప్పుడు చక్రాల దగ్గర ఆలస్యం చేయొద్దు, రీట్రెడ్ చేసిన టైరు పొర ఊడి విసిరికొడుతుంది. దాటి ముందుకు రాగానే గాలి ఒక్కసారిగా తోస్తుంది, అందుకు సిద్ధంగా ఉండి హ్యాండిల్‌ని వదులుగా పట్టుకోండి. బ్రిడ్జిల మీద, అనంతపురం గాలిమరల వైపు పక్క గాలి కూడా ఇలాగే తోస్తుంది.

రెండు వరసల రోడ్డు మీద దాటడానికి ఎంత ఖాళీ కావాలో చాలామందికి అంచనా ఉండదు. లారీ 60లో పోతోంది, మీరు 80. తేడా 20 కి.మీ., అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. వెనక 30 మీటర్ల దూరం, లారీ పొడవు 12, దాటాక ముందు ఇంకో 30 కలిపితే 72 మీటర్లు. అది దాటడానికి 13 సెకన్లు పడుతుంది, ఆలోపు మీరు 290 మీటర్లు పోతారు. ఎదురుగా 80లో వచ్చే కారు కూడా అంతే దూరం వస్తుంది. అంటే 580 మీటర్లు, దాదాపు మూడు చిన్న రాళ్ల దూరం, ఖాళీగా కనపడాలి. మలుపు, మిట్ట, వంతెన ఉంటే అంత దూరం కనపడే ప్రసక్తే లేదు. దాటడానికి వీల్లేనప్పుడు లారీ తోకను అంటుకుని పోవద్దు, గుంత దాని చక్రాల మధ్యలోంచి వచ్చి సరిగ్గా మీ ముందు తేలుతుంది. రోడ్డు పక్క స్తంభాన్ని లారీ వెనక భాగం దాటగానే "వెయ్యీ ఒకటి, వెయ్యీ రెండు, వెయ్యీ మూడు" అనుకోండి. మూడు అనేలోపు మీరు ఆ స్తంభం చేరితే దగ్గరైనట్టే. వానలో ఐదు దాకా లెక్కించండి.

ఘాట్ రోడ్డులో

ఒంటి వరస ఘాట్‌లో కనిపించే రోడ్డు మొత్తం మీది కాదు. ఎదుటివాడు కూడా అదే రోడ్డులో ఆగాలి, కాబట్టి కనిపించినదాంట్లో సగంలో మీరు ఆగగలగాలి. మారేడుమిల్లి అడవిలో, అనంతగిరి మలుపుల్లో కొన్నిచోట్ల 25 మీటర్లు కూడా కనపడదు. అక్కడ 20 మించి వేగానికి చోటే లేదు. మలుపుకు ముందు హార్న్ కొట్టండి, అక్కడ అది మర్యాద తక్కువ పని కాదు.

వేగం తగ్గించడం, గేరు మార్చడం మలుపుకు ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే పూర్తి కావాలి. చూపు మలుపు చివర మీద ఉండాలి. లోయ వైపో ఎదుటి బస్సు వైపో చూస్తే చెయ్యి అటే తీసుకుపోతుంది. కుడి మలుపులో టైరు మీ వైపే ఉన్నా, వంగినప్పుడు తల తెల్ల గీత దాటి అవతలికి పోతుంది, ఆర్టీసీ బస్సు మూల సరిగ్గా అక్కడికే వస్తుంది. అందుకే ఎడమగా ఉండి తిరగాలి. ఎడమ మలుపులో మరీ అంచున పోతే కంకర, ఇసుక తగులుతాయి, మీ సగంలో మధ్యన ఉంటే సరి. హెయిర్‌పిన్‌ల దగ్గర ఎక్కే వాహనాల ట్యాంకుల్లోంచి డీజిల్ చిందుతుంది, తడి రోడ్డు మీద రంగురంగుల మరక కనపడితేనో వాసన వస్తేనో బండిని వంచకుండా దాటండి.

ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలన్న పాత మాట ఇప్పటికీ సరైనదే. ఇంజను పట్టి ఉంచితే బ్రేకును అప్పుడప్పుడూ గట్టిగా పట్టి పూర్తిగా వదలొచ్చు, చల్లబడటానికి వ్యవధి దొరుకుతుంది. క్లచ్ నొక్కి, న్యూట్రల్‌లో జార్చుకుంటూ దిగి పెట్రోలు ఆదా చేద్దామనుకునేవాళ్లు పైన రాసిన బ్రేకు ఆయిలు పేరా మళ్లీ చదవండి. ఇరుకు చోట ఎక్కేవాళ్లకు దిగేవాళ్లు దారి ఇవ్వాలన్నది నిబంధన కూడా.

శ్రీశైలం వెళ్లేవాళ్లకు: మన్ననూరు, దోర్నాల చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు పడేలోపు చేరాలని చీకట్లో అడవి రోడ్డు మీద పరుగు పెట్టడం కంటే అచ్చంపేటలో రాత్రి ఉండిపోవడం నయం. కోతులకు తిండి వేయకండి, అవి రోడ్డు మధ్యకు అలవాటు పడేది అందుకే.

వాన, ఎండ, నిద్ర

చాలా రోజుల తర్వాత పడే వానలో మొదటి పావుగంట అన్నిటికంటే జారుడు, దుమ్ము, ఆయిలు కలిసి పేస్టులా అవుతాయి. ఆ పావుగంట టీ తాగి బయలుదేరితే రోడ్డు కడిగినట్టవుతుంది. తెల్ల పెయింటు గీతలు, ఫ్లైఓవర్ల మీది ఇనప జాయింట్లు, పశువుల పేడ తడిస్తే సబ్బే. నీళ్లు నిలిచిన గుంట ఎంత లోతో తెలియదు కాబట్టి ముందు పోయే వాహనం చక్రాల దారి పట్టుకోండి. డిసెంబరు, జనవరిల్లో లంబసింగి పొగమంచులో హెల్మెట్ అద్దం లోపలి నుంచి మసకబారుతుంది. పిన్‌లాక్ (మసకబారకుండా అద్దం లోపల పెట్టే పొర) లేనివాళ్లు అద్దాన్ని వేలెడంత తెరిచి, ఊపిరిని కిందికి వదిలితే కొంత నయం. నల్ల అద్దం పగటికే, సాయంత్రానికి మార్చడానికి తెల్లది బ్యాగులో ఉండాలి.

ఎండాకాలం గాలి మన చర్మం కంటే వేడెక్కాక, అంటే సుమారు 35 డిగ్రీలు దాటాక, గాలి తగిలితే చల్లబడతామన్న నమ్మకం తప్పు. ఆ గాలి ఒంట్లో నీటిని లాగేస్తుంది, మెష్ జాకెట్ పూర్తిగా తెరిచి పోతే ఇంకా త్వరగా. లోపలి బనియన్ తడుపుకుని పైన జాకెట్ వేసుకుంటే గంటసేపు హాయిగా ఉంటుంది. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లకే కలపాలి, సగం నీళ్లకు కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ. మూడు గంటలుగా మూత్రం రాలేదంటే నీళ్లు చాలలేదని గుర్తు. ఏప్రిల్, మేల్లో ఉదయం 5 నుంచి 10:30 వరకు నడిపి, మధ్యాహ్నం ఎక్కడైనా నీడ పట్టున ఆగి, 4 తర్వాత మళ్లీ గంటన్నర నడిపితే 300 కి.మీ. హాయిగా పడతాయి. కొత్తవాళ్లకు రోజుకు అంత చాలు. 700 కి.మీ. కొట్టామని చెప్పుకోవడంలో ఏముందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

నిద్రమత్తు మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఎక్కువ, బిర్యానీ తిన్నాక చెప్పనక్కర్లేదు. గడిచిన కిలోమీటరు రాయి మీద ఏముందో గుర్తు లేకపోవడం, ఒకే వేగం పట్టలేకపోవడం, గేరు మార్చడం మరిచిపోవడం దాని గుర్తులు. పాటలు పెట్టుకుంటే, అద్దం తెరిస్తే అది పోదు. కాఫీ పని చేయడానికి 20-30 నిమిషాలు పడుతుంది, కాబట్టి తాగగానే 15-20 నిమిషాలు కన్ను మూసి లేస్తే రెండూ కలిసొస్తాయి. గంటన్నరకోసారి దిగి నడవండి. హెల్మెట్‌లో గాలి హోరు కూడా అలసటే, మెత్తటి ఫోమ్ ఇయర్ ప్లగ్గులు పెట్టుకుంటే సాయంత్రానికి తేడా తెలుస్తుంది, హార్న్‌లు వినపడతాయి కూడా. రాత్రి ముందు తాగినవాళ్లు పొద్దున్న ఐదింటికి బండి ఎక్కకూడదు, ఇందులో చర్చ లేదు.

గుంపుగా వెళ్తే

ఐదారు బండ్లు మించితే రెండు గుంపులు చేయండి. దారి తెలిసినవారు ముందు, అందరికంటే అనుభవం ఉన్నవారు చివర, కొత్తవారు రెండో స్థానంలో. కొత్తవారిని చివర పెడితే అందుకోవడానికి 110 కొడతారు. తిన్నని రోడ్డు మీద ఒకరు వరసలో ఎడమగా, తర్వాతివారు కుడిగా పోవాలి, పక్కపక్కన కాదు. మలుపుల్లో ఒకరి వెనక ఒకరు. ముందువాడు దాటాడని మీరు దాటకూడదు, ఎవరి 580 మీటర్లు వాళ్లే చూసుకోవాలి. దారి మళ్లే ప్రతిచోటా వెనకవారు కనపడేదాకా ఆగాలన్న ఒక్క నియమం పెట్టుకుంటే ఫోన్ చేస్తూ నడపాల్సిన పని ఉండదు.

పడినప్పుడు

పూర్తి ముఖం కప్పే ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్, చీలమండ దాటే బూట్లు, చేతి తొడుగులు, మోకాళ్లకు మోచేతులకు ప్యాడ్లున్న దుస్తులు వెనక కూర్చున్నవారికి కూడా ఉండాలి. బుగ్గలు కొద్దిగా నొక్కుకుపోయి, పట్టీ బిగించాక తల ఊపితే హెల్మెట్ కదలకుండా ఉంటే అది సరైన సైజు. జాకెట్ ఎడమ జేబులో ఒక అట్టముక్క మీద పేరు, రక్తం గ్రూపు, అలర్జీలు, ఇంటివాళ్ల నంబరు రాసి పెట్టుకోండి. లాక్ పడిన ఫోన్ ఎవరికీ ఉపయోగపడదు.

ఎవరైనా పడితే మొదట వెనకొచ్చే వాహనాలను ఆపాలి, ఇద్దరు వంద మీటర్లు వెనక్కి వెళ్లి బట్ట ఊపండి. తర్వాత 108కి ఫోన్. జాతీయ రహదారి అయితే 1033కి కూడా. దగ్గరి కిలోమీటరు రాయి అంకె, ఏ వైపు వెళ్లే రోడ్డో చెబితే అంబులెన్సు తిన్నగా వస్తుంది. స్పృహ లేనివారి హెల్మెట్ తీయొద్దు. అద్దం పైకెత్తి ఊపిరి ఆడుతోందేమో చూడండి. ఊపిరి ఆడకపోతే మాత్రమే ఒకరు మెడ, గడ్డం కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు రెండు చేతులతో మెల్లగా లాగాలి. నీళ్లు తాగించొద్దు, కూర్చోబెట్టొద్దు. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా నొక్కి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. సాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోని 134ఏ సెక్షన్ కాపాడుతుంది. 2025 మేలో నోటిఫై అయిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు కట్టకుండా వైద్యం ఉంది, ఆసుపత్రిలో అడగండి.

దెబ్బలేమీ లేకుండా బండి మాత్రమే పడినా వెంటనే ఎక్కి పోవద్దు. హ్యాండిల్ రెండు కొసల దాకా తిరుగుతోందా, లివర్లు విరిగాయా, యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి వస్తోందా, ముందు చక్రం తిప్పితే డిస్కు ఊగుతోందా, ఆయిలు కారుతోందా చూసి, మొదటి ఐదు కిలోమీటర్లు 40 మించకుండా నడపండి. తల నేలకు తగిలిన హెల్మెట్ పైకి బాగానే ఉన్నా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది. దాన్ని పట్టీ కోసి పారేయండి, ఇంకొకరు ఏరుకుని పెట్టుకోకుండా.